వాషింగ్ మెషీను శబ్దాల ద్వారా లోప నిర్ధారణ

బట్టలు ఉతికే యంత్రం పని చేసేటపుడు వెలువడే అసాధారణ శబ్దాలను బట్టి, అందులో ఏ భాగం అరిగినదో, వదులైనదో, విరిగినదో గుర్తించే పద్ధతిని శబ్దాల ద్వారా లోప నిర్ధారణ అనవచ్చు. పాత వాషింగ్ మెషీన్లలో రబ్బరు సీళ్ళు, బేరింగులు, బెల్టులు, స్ప్రింగులు క్రమంగా అరిగిపోతాయి. ఈ అరుగుదల చాలా సందర్భాలలో కంటికి కనబడక ముందే చెవికి తెలుస్తుంది. శబ్దం ఎంత పెద్దదన్న దానికంటే అది ఏ దశలో వస్తున్నది, వేగంతో పాటు ఎలా మారుతున్నది అన్న విషయాలే కారణాన్ని ఎక్కువ స్పష్టంగా తెలుపుతాయి. కొన్ని శబ్దాలు హానిలేనివి. మరికొన్నిటిని పట్టించుకోకపోతే చిన్న సీలుతో పోవలసిన మరమ్మతు తొట్టి మొత్తాన్ని మార్చవలసిన స్థితికి చేరుతుంది, కొన్నిసార్లు విద్యుదాఘాతానికీ దారితీస్తుంది.

== యంత్రాల రకాలు, నిర్మాణం ==

ఇళ్ళలో వాడే వాషింగ్ మెషీన్లు ముఖ్యంగా మూడు రకాలు.

* సెమీ ఆటోమేటిక్: ఇందులో ఉతికే తొట్టి, నీరు పిండే తొట్టి పక్కపక్కన ఉంటాయి. రెండవదానిని వాడుకలో డ్రయ్యర్ అంటారు. ఉతికే తొట్టి అడుగున తిరిగే రెక్కల పళ్ళెం పల్సేటరు. దీనిని ఒక మోటారు బెల్టు, గేర్ బాక్సుల ద్వారా తిప్పుతుంది. డ్రయ్యర్ బుట్టను మరొక మోటారు నేరుగా తిప్పుతుంది.
* టాప్ లోడ్: బట్టలను పై నుండి వేస్తారు. ఉతకడం, పిండడం ఒకే బుట్టలో జరుగుతాయి. తొట్టి నాలుగు కడ్డీల మీద వ్రేలాడుతూ ఉంటుంది. ఉతికే దశ నుండి పిండే దశకు మారడానికి క్లచ్చు ఉంటుంది.
* ఫ్రంట్ లోడ్: బట్టలను ముందు తలుపు నుండి వేస్తారు. అడ్డంగా అమర్చిన డ్రమ్ము బయటి తొట్టి లోపల తిరుగుతుంది. డ్రమ్ము వెనుక మూడు చేతుల లోహపు చట్రం, దాని ఇరుసు, ఇరుసును మోసే రెండు బేరింగులు, వాటికి నీరు తగలకుండా అడ్డుకునే ఆయిల్ సీలు ఉంటాయి. బయటి తొట్టి పైన స్ప్రింగులకు వ్రేలాడుతుంది, క్రింద షాక్ అబ్సార్బర్లు దాని ఊపును అణచివేస్తాయి. అదురును తగ్గించడానికి తొట్టికి కాంక్రీటు లేదా పోత ఇనుము దిమ్మెలను బిగిస్తారు.

అదురు, శబ్దం ఈ యంత్రానికి పుట్టుకతో వచ్చిన సమస్యలే. అమెరికాలో 1937లో బెండిక్స్ సంస్థ ప్రవేశపెట్టిన గృహోపయోగ ఆటోమేటిక్ యంత్రం అదురుకు కదిలిపోకుండా ఉండడానికి దానిని నేలకు బోల్టులతో బిగించవలసి వచ్చేది. తొట్టిని స్ప్రింగులపై వ్రేలాడదీసే ఏర్పాట్లు మెరుగుపడిన తరువాత ఆ అవసరం తప్పింది.

== సహజమైన శబ్దాలు ==

ప్రతి చప్పుడూ లోపం కాదు. ఈ క్రింది శబ్దాలు సరిగా పని చేసే యంత్రాలలో కూడా వినిపిస్తాయి.

* నీరు నిండేటపుడు వచ్చే సన్నని హోరు, వాల్వు మూసుకున్నప్పుడు ఒక "టక్".
* ఉతికే దిశ మారేటపుడు రిలేలు చేసే చిన్న చప్పుళ్ళు.
* టాప్ లోడ్ యంత్రంలో పిండే దశ మొదలయ్యే ముందు క్లచ్చు మారే చప్పుడు.
* నీరు పూర్తిగా పోయిన తరువాత పంపు గాలిని పీల్చుతూ చేసే బుడబుడ శబ్దం.
* టాప్ లోడ్ ఖాళీ బుట్టను చేతితో తిప్పినపుడు పై అంచు వలయంలో నీరు కదలిన చప్పుడు. సమతుల్యత కోసం ఆ వలయంలో తయారీలోనే ద్రవం నింపుతారు. దీనిని నీటి కారుడుగా భ్రమించరాదు.
* బెల్టు లేకుండా డ్రమ్మును నేరుగా తిప్పే మోటారు గల యంత్రాలలో, డ్రమ్మును చేతితో తిప్పితే అంచెలంచెలుగా తగిలినట్లు ఉంటుంది. ఇది మోటారులోని శాశ్వత అయస్కాంతాల వలన కలిగేది, బేరింగు లోపం కాదు.

కనుక యంత్రం బాగున్న రోజులలో దాని చప్పుడు ఎలా ఉండేదో గుర్తుంచుకోవడం మంచిది. మార్పును పట్టుకోవడమే నిర్ధారణకు మొదటి మెట్టు.

== ముందు జాగ్రత్తలు ==

భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు. నీరు, విద్యుత్తు ఒకే చోట ఉండే యంత్రం కనుక ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

* యంత్రం వెనుక మూత తీసే ముందు స్విచ్ ఆపడంతో సరిపెట్టుకోక, ప్లగ్గును సాకెట్టు నుండి తీసివేయాలి. కుళాయిని కూడా కట్టివేయాలి.
* మెకానిక్కులు కండెన్సరు అని పిలిచే కెపాసిటరు, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు విద్యుదావేశాన్ని నిలువ ఉంచుకోగలదు. దాని కొనలను తాకరాదు.
* డ్రయ్యర్ బుట్ట పూర్తిగా ఆగేవరకు చేయి లోపల పెట్టరాదు. మూత తెరిచిన తరువాత కూడా బుట్ట చాలాసేపు తిరుగుతుంటే బ్రేకు అరిగినదని లేదా దాని తీగ సడలినదని అర్థం.
* పరీక్ష పేరుతో మూత స్విచ్చును, తలుపు తాళాన్ని పని చేయకుండా కట్టివేయరాదు.
* ఫ్రంట్ లోడ్ యంత్రపు పంపు ఫిల్టరు తీసే ముందు లోపలి నీరు చల్లబడిందో లేదో చూసుకోవాలి.

== నిర్ధారణ పద్ధతి ==

శబ్దాన్ని గుర్తించడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

# శబ్దం ఏ దశలో వస్తున్నది? నీరు నిండేటపుడా, ఉతికేటపుడా, నీరు పోయేటపుడా, పిండేటపుడా? ప్రతి దశలోను పని చేసే భాగాలు వేరు గనుక ఈ ఒక్క ప్రశ్నతోనే అనుమానాలు సగానికి పైగా తొలగిపోతాయి.
# వేగం పెరిగితే శబ్దం ఏమవుతున్నది? వేగంతో పాటు స్థాయి పెరిగే శబ్దం తిరిగే భాగానిది. వేగంతో సంబంధం లేకుండా ఒకే స్థాయిలో ఉండే "బొంయ్" మనే మోత సాధారణంగా విద్యుత్ భాగాలది. 50 హెర్ట్జ్ విద్యుత్తులో అయస్కాంత బలం సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవడం వలన ఈ మోత పుడుతుంది.
# బట్టలు లేకుండా నడిపినపుడు కూడా శబ్దం ఉన్నదా? ఖాళీ యంత్రంలో శబ్దం పోతే కారణం బట్టల బరువు, అమరిక లేదా వ్రేలాడే ఏర్పాటు కావచ్చు. ఖాళీగా ఉన్నా శబ్దం ఉంటే తిరిగే భాగాలను పరీక్షించాలి.

తరువాత ప్లగ్గు తీసి, బుట్టను లేదా డ్రమ్మును చేతితో నెమ్మదిగా తిప్పి చూడాలి. ప్రతి చుట్టులో ఒకే చోట గీరుకుంటే అక్కడ ఏదో ఇరుక్కున్నది లేదా భాగం వంగినది. చుట్టంతా గరగరలాడుతుంటే బేరింగును అనుమానించాలి. చేతితో తిప్పినపుడు ఏ శబ్దమూ లేక, మోటారు నడిచినపుడే వస్తుంటే లోపం మోటారు వైపు ఉండవచ్చు. బెల్టు గల యంత్రాలలో మెకానిక్కులు బెల్టును తీసి డ్రమ్మును, మోటారును విడివిడిగా తిప్పి చూస్తారు. శబ్దం ఏ వైపుదో దీనితో తేలిపోతుంది.

శబ్దం ఎప్పుడూ రాకుండా అప్పుడప్పుడు మాత్రమే వస్తుంటే దానిని సెల్ ఫోనులో రికార్డు చేసి, ఏ దశలో వచ్చినదో వ్రాసి ఉంచుకుంటే మెకానిక్కుకు సులభంగా ఉంటుంది.

== దశలవారీగా శబ్దాలు, కారణాలు ==

=== నీరు నిండే దశ ===

సన్నని ఈల వంటి శబ్దంతో నీరు నెమ్మదిగా వస్తుంటే గొట్టం చివరి జల్లెడలో ఇసుక, తుప్పు, సున్నపు పొర పేరుకుని ఉండవచ్చు. వాల్వు మోత వినబడుతూ నీరు రాకపోతే కుళాయి కట్టి ఉండడం, ట్యాంకు ఖాళీ కావడం, పీడనం చాలకపోవడం వంటివి కారణాలు. నీటి మట్టానికి 3 మీటర్ల దిగువన ఉన్న యంత్రానికి అందే పీడనం సుమారు 0.3 బార్ మాత్రమే. అందుచేత పైకప్పు మీది ట్యాంకుకు దగ్గరగా ఉండే పై అంతస్తుల ఇళ్ళలో ఈ ఇబ్బంది ఎక్కువ.

వాల్వు మూసుకోగానే గోడలోని పైపులు "దభీ" మని అదిరితే అది యంత్రం లోపం కాదు. వేగంగా వస్తున్న నీరు ఒక్కసారిగా ఆగడంతో పుట్టిన పీడన తరంగం పైపును కొడుతుంది. కుళాయిని కొంత మూసి ప్రవాహాన్ని తగ్గించడం, పైపులకు క్లాంపులు బిగించడం దీనికి పరిష్కారం.

=== ఉతికే దశ ===

* కరకర, గలగల: పల్సేటరు క్రింద లేదా డ్రమ్ముకు, బయటి తొట్టికి మధ్యన నాణెం, పిన్నీసు, హుక్కు, గుండీ వంటివి చేరినపుడు వస్తుంది. ఇనుప ముక్క ప్లాస్టిక్ తొట్టిని చీల్చగలదు కనుక దీనిని వాయిదా వేయరాదు.
* కీచుమనే శబ్దం: తిరగడం మొదలైన క్షణంలో వచ్చి తగ్గిపోతే బెల్టు జారుతున్నదని గుర్తు. దీనికి తోడు రబ్బరు కాలిన వాసన వస్తే బెల్టు సాగి, నునుపుదేలి ఉంటుంది.
* టకటక: పల్సేటరు మర వదులు కావడం, లేదా అది కూర్చునే పళ్ళు అరగడం వలన వస్తుంది. మోటారు తిరుగుతున్నా పల్సేటరు సరిగా తిరగదు.
* గుర్రుగుర్రుమనే శబ్దం: గేర్ బాక్సులో గ్రీజు ఎండిపోవడం, గేరు పళ్ళు అరగడం కారణాలు.
* మోటారు మూలిగి తిరగకపోవడం: కెపాసిటరు బలహీనపడడం, పల్సేటరు బిగుసుకుపోవడం లేదా వోల్టేజి తగ్గడం వలన జరుగుతుంది. ఇండక్షన్ మోటారు తిప్పుబలం వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 230 వోల్టులకు బదులు 180 వోల్టులే అందితే తిప్పుబలం సుమారు 60 శాతానికి పడిపోతుంది. ఈ స్థితిలో యంత్రాన్ని అలాగే ఉంచితే మోటారు చుట్టలు వేడెక్కి కాలిపోతాయి.
* చిటపట, కాలిన వాసన: కార్బన్ బ్రష్షులు గల మోటార్లలో బ్రష్షులు అరిగిపోయి నిప్పురవ్వలు ఎగరడం వలన వస్తుంది.

=== నీరు పోయే దశ ===

సెమీ ఆటోమేటిక్ యంత్రాలలో చాలావరకు నీరు పల్లానికి దానంతటదే పోతుంది. డ్రెయిన్ పంపు గల యంత్రాలలో ఈ దశలో గరగర వినిపిస్తే పంపు రెక్కలలో పిన్ను, అగ్గిపుల్ల, దారాల ఉండ వంటివి ఇరుక్కున్నాయని అనుకోవాలి. పంపు మూలుగుతూ నీరు పోకపోతే రెక్క పూర్తిగా బిగుసుకున్నట్లే. ఫిల్టరును శుభ్రం చేయడంతో ఇవి ఎక్కువ భాగం సరిపోతాయి.

=== పిండే దశ ===

బుట్ట అత్యంత వేగంగా తిరిగేది ఈ దశలోనే కనుక పాత యంత్రాల ముఖ్య లోపాలన్నీ ఇక్కడ బయటపడతాయి. సెమీ ఆటోమేటిక్ డ్రయ్యరులో రుద్దుకుంటున్న శబ్దం వచ్చి వేగం తగ్గితే, చేతిరుమాలు, మేజోడు వంటి చిన్న బట్ట బుట్ట అంచు దాటి బయటి తొట్టిలో పడి ఉండవచ్చు. బట్టల పైన పెట్టవలసిన లోపలి ప్లాస్టిక్ మూతను మరచిపోవడం దీనికి సాధారణ కారణం. బ్రేకు పట్టీ పూర్తిగా విడివడకపోయినా గీరుకునే శబ్దం వస్తుంది. ఇక దడదడ, హోరు అనే రెండు శబ్దాలను విడిగా తెలుసుకోవాలి.

== దడదడ: అసమతుల్యత ==

తడిసిన బట్టలు ఒకే వైపు చేరినపుడు బుట్ట తొట్టిని, తొట్టి బయటి పెట్టెను కొడతాయి. తిరిగే వస్తువుపై అపకేంద్ర బలం వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. ఉదాహరణకు ఇరుసు నుండి 25 సెంటీమీటర్ల దూరంలో ఒక వైపు 1 కిలో అదనపు బరువు ఉన్నదనుకుంటే, నిమిషానికి 500 చుట్లు తిరిగేటపుడు దాని వలన కలిగే బలం సుమారు 685 న్యూటన్లు, అనగా 70 కిలోల బరువుతో సమానం. వేగం 1000 చుట్లకు పెరిగితే అది నాలుగు రెట్లై సుమారు 2740 న్యూటన్లు, అనగా 280 కిలోల బరువుతో సమానమవుతుంది. పైగా ఈ బలం సెకనుకు 16 సార్లకు పైగా దిశ మార్చుకుంటూ బేరింగులను, స్ప్రింగులను కుదుపుతుంది.

ఒకే ఒక్క దుప్పటి లేదా జీన్సు ప్యాంటు వేసినపుడు, చీరలు, పంచెలు మెలిపడి ఉండ కట్టినపుడు ఇది సహజం. యంత్రం ఆపి బట్టలను సర్ది మళ్ళీ నడిపితే పోవాలి. ప్రతిసారీ వస్తుంటే ఈ క్రిందివి చూడాలి.

* నేల: మన ఇళ్ళలో స్నానాల గదులు, బాల్కనీల నేలను నీరు పోవడానికి వాలుగా కడతారు. అక్కడ పెట్టిన యంత్రం నాలుగు కాళ్ళపై సమానంగా ఆనదు. మూలలను నొక్కి చూసి, ఊగుతున్న కాలిని మర తిప్పి సరిచేయాలి.
* వ్రేలాడే ఏర్పాటు: ప్లగ్గు తీసి తొట్టిని క్రిందికి నొక్కి వదలాలి. అది ఒకసారి పైకి లేచి నిలబడాలి. పలుమార్లు ఊగితే షాక్ అబ్సార్బర్లు లేదా కడ్డీలు అరిగిపోయినవని గుర్తు. తొట్టి ఒక వైపుకు ఒరిగి ఉంటే స్ప్రింగు జారి లేదా విరిగి ఉండవచ్చు.
* బరువు దిమ్మెలు: వాటి బోల్టులు వదులైతే రాయి మీద రాయి తగిలినట్లు బరువైన చప్పుడు వస్తుంది.
* రవాణా బోల్టులు: ఇల్లు మారేటపుడు ఫ్రంట్ లోడ్ యంత్రపు తొట్టి కదలకుండా వెనుక బిగించే బోల్టులను తీయకుండా నడిపితే యంత్రం గదిలో నడుస్తున్నట్లుగా కదలిపోతుంది.

== హోరు: బేరింగు లోపం ==

పిండే దశలో విమానం ఎగురుతున్నట్లు వినిపించే బరువైన హోరు, పాత ఫ్రంట్ లోడ్ యంత్రాలలో బేరింగు లోపానికి లక్షణం. ఇది ఒక్క రోజులో రాదు. మొదట ఆయిల్ సీలు అంచు అరుగుతుంది. సబ్బు కలిసిన నీరు దానిని దాటి బేరింగులోకి చేరి గ్రీజును కడిగివేస్తుంది. ఉక్కు గుండ్లు, అవి దొర్లే దారులు తుప్పు పట్టి గుంటలు పడతాయి. గుండు ఆ గుంటలపై దొర్లిన ప్రతిసారీ కలిగే చిన్న తాకిడులన్నీ కలిసి హోరుగా వినిపిస్తాయి. అనగా శబ్దం వినబడే నాటికే సీలు పాడై కొంత కాలమై ఉంటుంది.

దీనిని నిర్ధారించడానికి ప్లగ్గు తీసి, తలుపు తెరిచి, డ్రమ్ము లోపలి పై అంచును పట్టుకుని పైకి క్రిందికి కదపాలి. డ్రమ్ము, బయటి తొట్టి కలిసి స్ప్రింగులపై ఊగితే అది సహజమే. తొట్టి కదలకుండా డ్రమ్ము ఒక్కటే కదిలితే బేరింగులో ఖాళీ ఏర్పడినదని అర్థం. తొట్టి వెనుక భాగాన ఇరుసు చుట్టూ తుప్పు రంగు చారలు కనిపించడం, బట్టలకు నల్లని జిడ్డు మరకలు అంటడం ఇతర గుర్తులు.

ఈ స్థితిలో యంత్రాన్ని వాడుతూ పోతే ఇరుసు అరుగుతుంది, బేరింగు కూర్చునే గూడు చెడిపోతుంది, డ్రమ్ము తొట్టిని రాసుకుంటుంది. కారుతున్న నీరు మోటారుపై, తీగలపై పడవచ్చు. ఎర్తు సరిగా లేని ఇళ్ళలో ఇది ప్రాణాపాయం.

మరమ్మతులో బేరింగులను, ఆయిల్ సీలును ఒకేసారి మార్చాలి. పాత సీలును ఉంచి కొత్త బేరింగులు వేస్తే అవి కూడా త్వరలోనే తుప్పు పడతాయి. బేరింగు సంఖ్య దాని మీదనే చెక్కి ఉంటుంది. 6205 వంటి సంఖ్యలలో చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రపు వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది (ఇక్కడ 25). ఈ సూత్రం 04, ఆపై అంకెలకు వర్తిస్తుంది. తొట్టి విప్పినపుడు డ్రమ్ము వెనుక చట్రాన్ని కూడా చూడాలి. అల్యూమినియం మిశ్రమంతో చేసిన ఈ చట్రాన్ని డిటర్జెంటు క్షారం, నిలిచిన తడి క్రమంగా తినివేస్తాయి. దాని చేయి ఒకటి విరిగితే డ్రమ్ము వంకరగా తిరుగుతూ లోహం లోహానికి తగిలే పెద్ద చప్పుడు చేస్తుంది.

== వెంటనే ఆపవలసిన సందర్భాలు ==

* శబ్దంతో పాటు కాలిన వాసన, పొగ లేదా నిప్పురవ్వలు రావడం.
* యంత్రాన్ని తాకితే జిల్లుమనడం, ఎం.సి.బి. లేదా ఆర్.సి.సి.బి. పడిపోవడం.
* పిండే దశలో లోహం విరిగినట్లు చప్పుడు రావడం.
* మోటారు మూలుగుతూ తిరగకపోవడం.
* వింత శబ్దంతో పాటు యంత్రం అడుగున నీరు కారడం.

ఈ సందర్భాలలో తడి చేతులతో ప్లగ్గును ముట్టుకోరాదు. మెయిన్ స్విచ్ ఆపిన తరువాతనే ప్లగ్గు తీయాలి.

== మరమ్మతా, మార్పిడా? ==

బెల్టు, కెపాసిటరు, పంపు, కార్బన్ బ్రష్షులు, షాక్ అబ్సార్బర్లు విడిగా మార్చదగిన భాగాలు. ఎంత పాత యంత్రమైనా, అవి దొరికినంత కాలం మరమ్మతు చేయించడం సబబే. బేరింగు విషయంలో తొట్టి నిర్మాణం ముఖ్యం. మరలతో బిగించిన తొట్టిని విప్పి బేరింగు మార్చవచ్చు. కొన్ని యంత్రాలలో తొట్టి రెండు భాగాలను విప్పడానికి వీలు లేకుండా అతికిస్తారు. అటువంటప్పుడు తొట్టినంతా మార్చవలసి వస్తుంది. మెకానిక్కును పిలిచినపుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే. బయటి పెట్టె తుప్పు పట్టి, చట్రం కూడా విరిగి ఉంటే మరమ్మతు లాభదాయకం కాదు.

భారత ప్రభుత్వం మరమ్మతు హక్కుకు సంబంధించిన పోర్టలును 2022 డిసెంబరులో ప్రారంభించింది. ఇక పనికిరాదనుకున్న యంత్రం ఎలక్ట్రానిక్ వ్యర్థాల కోవలోకి వస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన 2022 నాటి నియమాలు దీనికి వర్తిస్తాయి. దానిని నమోదైన రీసైక్లింగు వ్యవస్థ ద్వారానే వదిలించుకోవాలి.

== నివారణ ==

* ఉతకడానికి వేసే ముందు జేబులు వెదకాలి. హుక్కులు, గొలుసులు ఉన్న బట్టలను వల సంచిలో వేయాలి.
* పెద్ద దుప్పటిని ఒంటరిగా వేయరాదు. యంత్రపు పరిమితికి మించి నింపరాదు.
* తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్‌లలో అనేక చోట్ల బోరు నీరు కఠిన జలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టుగా ఏర్పడి జల్లెడలలోను, తొట్టి గోడలపైన, హీటరుపైన పేరుకుంటాయి. నిర్ణీత కాలానికి ఒకసారి తయారీదారు సూచించిన పొడితో ఖాళీ యంత్రాన్ని నడపాలి.
* డిటర్జెంటును అవసరానికి మించి వేయరాదు. ఉతికిన తరువాత తలుపు తెరిచి ఉంచి లోపల తడి ఆరనివ్వాలి.
* అడుగు తెరచి ఉండే యంత్రాలలోకి ఎలుకలు దూరి తీగలను, బెల్టును కొరుకుతాయి. అడుగున జాలీ బిగించడం మంచిది.
* మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండేలా చూసుకోవాలి.

== ఇవి కూడా చూడండి ==

* విద్యుత్ మోటారు
* బేరింగు
* అపకేంద్ర బలం
* కఠిన జలం
* విద్యుదాఘాతం